వడపోతలో జిగురు: లూపస్ కిడ్నీ జబ్బులో అంటుకునే అణువుల వాదం

కిడ్నీ జబ్బు అనగానే సత్తెనపల్లి నుంచి కనిగిరి దాకా ఎవరి మాటైనా ముందు నీళ్ల మీదికి పోతుంది, ఆ తర్వాత పురుగుమందుల మీదికి. అందులో తప్పేం లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట మండలాల బాధ, ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల బాధ అందరూ విన్నవే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలైందీ ఆ బాధలోంచే. ఉద్దానం జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు గానీ, అందులో ముందుగా చెడేది ఏదో తెలుసు: మూత్రం పారే సన్నని నాళికలు, వాటి మధ్య ఉండే కణజాలం.

ఈ వ్యాసం ఆ జబ్బు గురించి కాదు. దాని నీడలో పడి కనిపించకుండా పోయే మరో రకం గురించి. ఇందులో ముందు దెబ్బ తినేది నాళిక కాదు, దానికి ఎగువనుండే జల్లెడ. కొట్టేది బయటి విషం కాదు, ఒంటిని కాయాల్సిన రక్షణ వ్యవస్థే. ఇలాంటి జబ్బుల్లో బాగా పరిశోధన జరిగినది లూపస్ వల్ల వచ్చే కిడ్నీ వాపు. లూపస్ రోగులు పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, ఎండకు బుగ్గల మీద ఎర్రమచ్చ. కీళ్లవాతమేమోనని నెలలు గడిచిపోతాయి. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, మూత్రంలో నిలిచిపోయే నురగ కనబడ్డాక గానీ కిడ్నీ సంగతి బయటపడదు. లూపస్ ఉన్నవాళ్లలో సుమారు 40 శాతం మందికి ఏదో ఒక దశలో ఈ చిక్కు వస్తుంది.

ఇక్కడే ఒక ప్రశ్న ముప్పయ్యేళ్లకు పైగా నలుగుతోంది. రక్తంలో కొట్టుకుపోతున్న తెల్ల రక్తకణం ఆ జల్లెడ దగ్గరే ఎందుకు ఆగుతుంది? దాన్ని ఆపే అణువులకు అడ్డుపడితే కిడ్నీ దక్కుతుందా? ప్రశ్న వినడానికి సులువు. జవాబు మాత్రం 1990ల నాటి ఆశ ఒకవైపు, ఆ తర్వాతి ప్రయోగాలు మరోవైపు లాగి ముడిపడిపోయింది.

ఉత్తరేణి గింజ, తెల్ల రక్తకణం

చేలగట్టు మీద నడిచి వస్తే పంచె అంచుకు ఉత్తరేణి గింజలు అంటుకుని ఉంటాయి. గింజకు ముల్లుండాలి, బట్టకు నూలు పీచుండాలి. రెండూ కలిస్తేనే పట్టు. ఒంట్లోనూ అంతే. తెల్లకణం మీద ఒక అణువు, రక్తనాళపు లోపలి గోడ మీద దానికి సరిపడే జోడీ. భౌతికశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి పట్టును అసంజనం అంటారు. ఇక్కడ వాడుకకు జిగురు అణువులు అందాం.

తెల్లకణాలు నాళం గోడకు అతుక్కుని, గోడను దాటి బయటికి పోవడాన్ని జర్మన్ శాస్త్రవేత్త యూలియస్ కోన్‌హైమ్ 1867లోనే కప్ప శరీరంలో చూసి వివరించాడు. ఏ అణువు ఏ పని చేస్తుందో తెలియడానికి మాత్రం మరో నూరేళ్లు దాటింది. 1986లో ఐకామ్-1, 1989లో వీకామ్-1 బయటపడ్డాయి. 1991లో లారెన్స్, స్ప్రింగర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పనులు పంచి చూపించారు. పారుతున్న కణాన్ని ముందు సెలెక్టిన్లు తేలిగ్గా పట్టి దొర్లిస్తాయి. దొర్లి దొర్లి వేగం తగ్గాక కణం మీది ఇంటెగ్రిన్లు గోడ మీది ఐకామ్, వీకామ్‌లను గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడు కణం ఆగుతుంది, గోడ సందు చూసుకుని అవతలికి జారుకుంటుంది. దొర్లడం, ఆగడం, దాటడం: ఈ మూడు మెట్ల లెక్క ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో అలాగే ఉంది.

ఈ జిగురు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక అరుదైన జన్యులోపం ఉంది. ఇంటెగ్రిన్లలో సీడీ18 అనే భాగం లోపంతో పుట్టిన బిడ్డకు బొడ్డుతాడు రాలడం బాగా ఆలస్యమవుతుంది. చిన్న పుండు కూడా మానదు, అయినా చీము పట్టదు. రక్తంలో తెల్లకణాలు మాత్రం లెక్కకు మించి ఉంటాయి. సైన్యం దండిగా ఉంది, బండి దిగడమే చేతకావడం లేదు. జిగురును అడ్డుకునే మందు చెయ్యాలనుకునే ఎవరికైనా ఇది ముందే ఉన్న హెచ్చరిక.

అడ్డుకుంటే చాలన్న కాలం

ఆ ప్రశ్న మీద మూడు వర్గాలున్నాయి. మొదటి వర్గం వాదన తిన్నగా సాగుతుంది. లూపస్ రోగి కిడ్నీ ముక్క తీసి పరీక్షిస్తే ఐకామ్-1, వీకామ్-1 మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలో వీకామ్-1 ముఖ్యంగా జల్లెడను చుట్టి ఉండే సంచి గోడకే పరిమితం. వాపు వచ్చినప్పుడు అది నాళికల గోడల మీద కూడా మొలుస్తుంది. ఎక్కువైన చోట కణాలు గుమిగూడుతున్నాయి. కాబట్టి దాన్ని మూసేస్తే గుంపు చెదిరిపోవాలి.

ఎలుకలు ఈ వాదానికి కొంత బలం ఇచ్చాయి. లూపస్ తనంతట తానే వచ్చే ఎమ్మారెల్-ఎల్పీఆర్ అనే ఎలుక జాతి ఉంది. 1997లో వాటిలో ఐకామ్-1 జన్యువును తీసేసి చూస్తే ఆయుష్షు పెరిగింది. 2004లో తెల్లకణం మీదుండే ఎల్‌ఎఫ్‌ఏ-1 అనే ఇంటెగ్రిన్‌ను తీసేసినప్పుడూ రక్షణ దొరికింది. అదే ప్రయోగంలో దాని దాయాది మ్యాక్-1ను తీసేస్తే మాత్రం లాభం లేకపోయింది. ఈ చివరి మాటను ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత కథ తిరిగింది అక్కడే.

మనుషుల మీదికి వచ్చేసరికి లెక్క తప్పింది. ఐకామ్-1ను మూసే ఎన్లిమోమాబ్ అనే యాంటీబాడీని కిడ్నీ మార్పిడి రోగులకు ఇచ్చి చూశారు. 1999లో వచ్చిన ఫలితం: తిరస్కరణ తగ్గలేదు. పక్షవాతం రోగుల మీద 2001లో వచ్చిన ఫలితం ఇంకా ఘోరం, మందు తీసుకున్నవాళ్ల పరిస్థితే విషమించింది. అది ఎలుక నుంచి తీసిన యాంటీబాడీ, మన ఒళ్లు దాన్నే శత్రువుగా చూసిందని సర్దిచెప్పారు. ఆ సర్దుబాటులో నిజముంది. కానీ తర్వాత మనిషికి సరిపోయేలా మలిచిన మందులకూ దెబ్బ తప్పలేదు. ఎల్‌ఎఫ్‌ఏ-1ను అడ్డుకునే ఎఫాలిజుమాబ్‌కు సోరియాసిస్ కోసం 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది, 2009లో మార్కెట్ నుంచి తీసేశారు. కారణం జేసీ అనే వైరస్. చాలామందిలో చప్పుడు చెయ్యకుండా పడుండే ఆ వైరస్ కాపలా కణాలు మెదడుకు చేరకపోయేసరికి లేచి మెదడును తినేసింది. వీఎల్‌ఏ-4 అనే ఇంటెగ్రిన్‌ను మూసే నటాలిజుమాబ్‌నూ అదే కారణంతో 2005లో ఆపి, 2006లో కట్టుబాట్లతో తిరిగి ఇచ్చారు. అది నరాల జబ్బులో ఇప్పటికీ మంచి మందే. లూపస్ కిడ్నీకి మాత్రం వీటిలో ఏదీ మందుగా నిలబడలేదు.

జల్లెడ వేరే ఊరు

రెండో వర్గం ఇక్కడే మొదలవుతుంది. మిగతా ఒంట్లో పనిచేసే మూడు మెట్ల లెక్క గ్లోమెరులస్ అనే కిడ్నీ జల్లెడలో అసలు వర్తిస్తుందా అని వీళ్లు అడిగారు.

గ్లోమెరులస్ అంటే సన్నని రక్తకేశనాళికల చిక్కుబంతి. ఒక్కో కిడ్నీలో ఇవి సుమారు 10 లక్షలు. రోజుకు 180 లీటర్ల దాకా వడపోస్తాయి, అందులో దాదాపు అంతా నాళికలు తిరిగి లాక్కుంటాయి. మిగిలే లీటరున్నర, రెండు లీటర్లే మూత్రం. ఈ కేశనాళికల వెడల్పు తెల్లకణం వెడల్పుకు అటూ ఇటూగానే ఉంటుంది. దొర్లడానికి చోటేది? ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో ఎలుక కిడ్నీని సజీవంగా సూక్ష్మదర్శిని కింద చూసి, వాపు వచ్చిన గ్లోమెరులస్‌లో కణాలు దొర్లకుండానే ఆగుతున్నాయని, ఆ ఆగడంలో రక్తపు ప్లేట్‌లెట్లు మోసుకొచ్చిన పి-సెలెక్టిన్‌కు పెద్ద చెయ్యి ఉందని చూపించారు. 2013లో నేచర్ మెడిసిన్‌లో వాళ్లే ఇంకో అడుగు వేశారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో కూడా న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు అనే తెల్లకణాలు జల్లెడలో నిమిషాల తరబడి ఆగి, ఆ తర్వాత పోతున్నాయి. జబ్బులో కొత్తగా జరిగేది ఆగడం కాదు. వచ్చినవి ఇంకా ఎక్కువసేపు ఉండిపోవడం, ఉండి విషపు ఆక్సిజన్ అణువులు కక్కడం. ప్రశ్న మారిపోయింది. కణం ఎందుకు వచ్చిందని కాదు, ఎందుకు కదలడం లేదని అడగాలి.

దీంతో పి-సెలెక్టిన్ చిక్కు కూడా కొంత విడిపోయింది. పి-సెలెక్టిన్‌కు యాంటీబాడీతో అడ్డుపడితే మేలు కలిగిన ప్రయోగాలున్నాయి. దాని జన్యువే లేని ఎలుకల్లో మాత్రం 1999లో కిడ్నీ వాపు ఎక్కువైంది, తక్కువ కాలేదు. 2006లో లూపస్ ఎలుకల్లోనూ అదే తేలింది: పి-సెలెక్టిన్ గానీ, దాని జోడీ గానీ లేకపోతే కిడ్నీ జబ్బు త్వరగా ముదిరింది. గోడ మీది పి-సెలెక్టిన్ ఒకచోట కాపలా, ప్లేట్‌లెట్ మీది పి-సెలెక్టిన్ ఇంకోచోట దొంగకు తోడు. పేరు ఒకటే, కొలువులు రెండు.

మ్యాక్-1 విషయంలో తగువు ఇంకా పదునెక్కింది. 2008లో ఐటీజీఏఎం అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా లూపస్ ముప్పును పెంచుతుందని తేలింది. మ్యాక్-1లో సగభాగాన్ని తయారుచేసేది ఆ జన్యువే. జిగురు ఎక్కువై జబ్బు వస్తుందంటే, ముప్పు పెంచే మార్పు జిగురును బలపరచాలి కదా. ఇక్కడ జరిగింది తలకిందులు. 77వ స్థానంలో వచ్చే ఆ మార్పు మ్యాక్-1ను బలహీనపరుస్తుంది. పట్టు తగ్గిన తెల్లకణానికి చచ్చిన కణాలను ఊడ్చే పనీ మందగిస్తుంది, తన మంటను తాను చల్లార్చుకోవడమూ చేతకాదు. దీన్నిబట్టి 2017లో ఒక బృందం మ్యాక్-1ను మూసే మందు కాకుండా, దాన్ని మేల్కొలిపే చిన్న అణువును లూపస్ ఎలుకలకు ఇచ్చింది. మంట తగ్గింది.

రెండు వర్గాలనూ పక్కపక్కన పెడితే తేడా మందు దగ్గరే కాదు. మొదటి వర్గానికి జిగురు అంటే దారి, దారి మూస్తే సైన్యం రాదు. రెండో వర్గానికి జిగురు అంటే సంభాషణ. కణం గోడను పట్టుకున్న ప్రతిసారీ లోపలికి ఒక కబురు పోతుంది. కొన్నిసార్లు రెచ్చిపొమ్మని, కొన్నిసార్లు ఆగమని. మొదటి వర్గం చర్మం, పేగు, మెదడు దగ్గర నెగ్గింది. కిడ్నీ జల్లెడ దగ్గర రెండో వర్గం మాటే ఇప్పటికి గట్టిగా ఉంది. అయితే అది కూడా చాలావరకు ఎలుకల సాక్ష్యమే.

జిగురు అట్ట లెక్క

2021-22 సీజనులో నల్ల తామర పురుగు మిరప పూతను పాడుచేసినప్పుడు పల్నాడు చేలల్లో నీలి జిగురు అట్టలు వరుసగా వేలాడాయి. తెల్లదోమకైతే పసుపు అట్ట, తామర పురుగుకు నీలి అట్ట. అట్ట మీద పురుగులు పెరుగుతున్నాయంటే చేలో ఉధృతి పెరుగుతోందని రైతుకు తెలుస్తుంది, మందు కొట్టాలా ఆగాలా అని అంచనా వేసుకుంటాడు. అట్ట ఊడబీకితే పురుగు పోదు, కబురు అందడం ఆగిపోతుంది అంతే. అట్టకు అంటుకుని కొన్ని చస్తాయి నిజమే, వాటితో పంట దక్కదు.

మూడో వర్గం జిగురు అణువులను ఇలాగే చూస్తుంది. వాళ్లకు అవి మందు గురి కావు, సాక్ష్యం. వాపు ఉన్న కిడ్నీ నుంచి వీకామ్-1, ఆల్కామ్ అనే జిగురు అణువుల ముక్కలు రాలి మూత్రంలోకి వస్తాయి. గత పదిహేనేళ్లలో వేర్వేరు దేశాల రోగుల మీద జరిగిన అధ్యయనాల్లో మూత్రంలో ఇవి పెరగడానికీ, కిడ్నీలో జబ్బు రగులుతూ ఉండడానికీ పొంతన కనిపించింది.

దీని విలువ తెలియాలంటే ముక్క పరీక్షను దగ్గరగా చూడాలి. వీపు వైపు నుంచి సూది దింపి తీసే ముక్క దారమంత సన్నం, సెంటీమీటరున్నర పొడవు. అందులో పది గ్లోమెరులస్‌లు దొరికితే చాలనుకుంటారు, ఇరవై దొరికితే అదృష్టం. రెండు కిడ్నీల్లోని 20 లక్షల జల్లెడల సంగతి ఆ పదీ ఇరవై చెప్పాలి. వాటిని చూసే లూపస్ కిడ్నీ జబ్బును 6 తరగతులుగా విడదీస్తారు, మందు ఎంత గట్టిగా వాడాలో తేలుస్తారు. ఏడాది తర్వాత మంట ఆరిందా, పాత మచ్చే మిగిలిందా అని తేల్చడానికి మళ్లీ సూది దించాలంటే రోగి ఒప్పుకోదు, డాక్టరూ తటపటాయిస్తాడు. మూత్రమైతే 20 లక్షల జల్లెడల నుంచీ వస్తుంది, రోజూ వస్తుంది. మామూలు ల్యాబులో చేసే ప్రోటీన్ పరీక్ష జల్లెడకు చిల్లుందని చెబుతుంది గానీ, ఆ చిల్లు కొత్తదా పాతదా చెప్పలేదు. వీకామ్, ఆల్కామ్ ఆ తేడా చెప్పగలవన్నదే ఈ వర్గం ఆశ. మూడింటిలో రోగికి తొందరగా పనికొచ్చేది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆల్కామ్ దగ్గర కథ మళ్లీ మొదటి వర్గం వైపు తిరుగుతుంది, అదీ మన పక్క రాష్ట్రం మీదుగా. టీ-కణాలనే తెల్లకణాల మీద ఆల్కామ్‌ను పట్టుకునే జోడీ పేరు సీడీ6. దాన్ని అడ్డుకునే ఇటోలిజుమాబ్ క్యూబాలో పుట్టిన యాంటీబాడీ. బెంగళూరు బయోకాన్ సంస్థ దాన్ని సోరియాసిస్ మందుగా 2013లో మన దేశంలో విడుదల చేసింది. 2020 జులైలో కోవిడ్ రోగులకు అత్యవసర వాడకానికి అనుమతి ఇచ్చినప్పుడు దాని పేరు పేపర్లకెక్కింది. 30 మంది మీద చేసిన ట్రయల్‌తో అనుమతి ఎలా ఇస్తారని విమర్శలూ వచ్చాయి, ఆ విమర్శలు న్యాయమైనవే. ఆ గొడవలో మరుగునపడ్డది ఏమిటంటే, ఇదే మందును లూపస్ కిడ్నీ రోగుల మీద తొలి దశ ట్రయల్‌లో పరీక్షించారు. 2022లో వచ్చిన ఎలుకల అధ్యయనంలో సీడీ6కు అడ్డుపడితే కిడ్నీలోకి కణాల రాక తగ్గింది, జబ్బూ తగ్గింది. ఎఫాలిజుమాబ్‌లా అన్ని తెల్లకణాల కాళ్లూ కట్టెయ్యకుండా ఇది ప్రధానంగా టీ-కణాల జోలికే పోతుంది. పాత వాదం కొత్తగా నిలబడే చోటు ఏదైనా ఉంటే ఇదే.

గోడే జిగురైతే

ఇంతవరకూ చెప్పుకున్నది వచ్చే కణం, ఆపే గోడ. ఆ గోడను గోడగా నిలబెట్టేది కూడా జిగురేనన్న సంగతి వాదంలో చాలా ఆలస్యంగా చేరింది.

జల్లెడ బయటి పొరలో పోడోసైట్ అనే కణాలుంటాయి. వాటి పాదాలు పక్కకణం పాదాల మధ్యకు దువ్వెన పళ్లలా దూరి, మధ్యలో సన్నని సందు వదులుతాయి. ఆ సందులో తడికలా అల్లుకునే ప్రోటీన్ నెఫ్రిన్. 1998లో దాని జన్యువు దొరికింది. ఫిన్లాండులో పుట్టుకతోనే మూత్రంలో ప్రోటీన్ పోయే బిడ్డల జబ్బుకు కారణం వెతుకుతుంటే బయటపడింది. నెఫ్రిన్ నిర్మాణం చూస్తే అది ఐకామ్, వీకామ్‌ల కుటుంబానికే చెందిన జిగురు అణువు.

2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఈ అణువును స్వయంప్రతిరక్షక జబ్బుల కథలోకి తెచ్చింది. ముఖం, కాళ్లు ఉబ్బి, మూత్రం నురగలు కక్కే మినిమల్ చేంజ్ జబ్బు ఉన్న పెద్దవాళ్లలో 44 శాతం మందికి, నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 52 శాతం మందికి నెఫ్రిన్‌కు ఎదురుగా యాంటీబాడీలు కనిపించాయి. జబ్బు రగులుతూ, ఇంకా మందు మొదలుపెట్టని పిల్లల్లోనైతే 90 శాతం. ఎలుకలకు నెఫ్రిన్ ఎక్కించి ఆ యాంటీబాడీలు పుట్టిస్తే వాటికీ జబ్బు వచ్చింది. మామూలు సూక్ష్మదర్శినిలో దాదాపు ఏమీ కనబడదు కాబట్టే మినిమల్ చేంజ్ అని పేరు పెట్టిన జబ్బు ఇది. 2021లో లూపస్ రోగుల్లో కొద్దిమందికి ఎన్‌కామ్-1 అనే నాడీకణాల జిగురు అణువే యాంటీబాడీల గురి అని తేలింది. అంటే జిగురు అణువు నేరానికి దారి చూపేది, నేరానికి సాక్ష్యం చెప్పేదే కాదు, కొన్నిచోట్ల దెబ్బ తిన్నదీ అదే.

ఈ వైపు కూడా తొందరపాటు జరిగింది. 2011లో సూపార్ అనే ప్రోటీన్ పోడోసైట్ ఇంటెగ్రిన్‌ను రెచ్చగొట్టి జల్లెడను చెడగొడుతుందని గట్టి వాదన వచ్చింది. మిగతా ల్యాబుల్లో చూస్తే, ఏ కారణంతో కిడ్నీ పని తగ్గినా రక్తంలో సూపార్ పెరుగుతోంది. కారణమనుకున్నది ఫలితం కావచ్చు. 2013లో అబటాసెప్ట్ అనే మందు ఐదుగురు రోగుల్లో పనిచేసిందన్న కబురూ అలాగే చల్లబడింది.

ముడి ఎక్కడ మిగిలింది

మ్యాక్-1ను మూయాలా, మేల్కొలపాలా అన్నది మనుషుల మీద తేలలేదు. బహుశా జబ్బు దశను బట్టి జవాబు మారుతుంది: మొదటి వారంలో మూయడం, నెలల తర్వాత మేల్కొలపడం. అలా కాలాన్ని బట్టి రూపొందించిన ట్రయల్ ఖర్చుతో కూడుకున్నది, కంపెనీలకు ఇష్టముండదు. నెఫ్రిన్ యాంటీబాడీలు కనబడని మిగతా రోగుల్లో జల్లెడ ఎందుకు చిరుగుతోందో చెప్పాలి. లూపస్ కిడ్నీకి ఇటీవల అమెరికాలో అనుమతి దక్కిన బెలిముమాబ్ బీ-కణాల దారిలో, వోక్లోస్పోరిన్ టీ-కణాల దారిలో వచ్చాయి, జిగురు దారిలో కాదు. మందుల పోటీలో ప్రస్తుతానికి జిగురు వెనకబడింది.

ఇక మన నేల మీద తరచూ వినిపించే ప్రశ్న: పురుగుమందులకూ దీనికీ సంబంధం ఉందా? అమెరికాలో పెద్ద వయసు మహిళల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, 2011లో, పురుగుమందులు సొంతంగా చల్లినవాళ్లలో కీళ్లవాతం, లూపస్ ముప్పు ఎక్కువగా కనిపించింది. అది పొంతన, రుజువు కాదు. పైగా అక్కడ లెక్కలోకి వచ్చింది ముట్లుడిగిన ఆడవాళ్లు. లూపస్ ఎక్కువగా పట్టేది పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్లే వయసులో ఉన్నవాళ్లను. నాటుమందుల విషయంలో సాక్ష్యం ఇంకాస్త దగ్గరిది. వేలూరు సీఎంసీ వైద్యులు 2022లో ప్రచురించిన పరిశీలనలో నెల్-1 రకం మెంబ్రనస్ కిడ్నీ జబ్బుకూ, సంప్రదాయ మందుల వాడకానికీ లింకు చూపించారు. ఆ మందులు మానేయడంతోనే చాలామందిలో మూత్రంలో ప్రోటీన్ తగ్గింది. ఒంట్లోనే పుట్టిందనుకునే జబ్బుకు కూడా ఒక్కోసారి తలుపు తీసేది బయటి చెయ్యేనన్నమాట. ఆ తలుపు దగ్గర జిగురు అణువులు ఏ పాత్ర వేస్తున్నాయో చూసే పని ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. ఆల్కామ్ పరీక్ష గుంటూరు ల్యాబుల దాకా వచ్చేలోపు, స్టెరాయిడ్ మాత్ర ఎప్పుడు తగ్గించాలో డాక్టరు నిర్ణయించేది పాత ముక్క పరీక్ష రిపోర్టు, మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్ అంకెలు చూసే.